మారిషస్‌లో కొత్త దంపతుల వారం: గాలి వాలు చూసి బస, పూట చూసి ప్రయాణం

మారిషస్ వెళ్లదలచిన కొత్త దంపతుల చేతికి మన ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే పట్టిక దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మొదటి రోజు విమానాశ్రయం నుంచి హోటల్‌కు, రెండో రోజు ఉత్తర మారిషస్ యాత్ర, మూడో రోజు దక్షిణ మారిషస్ యాత్ర, నాలుగో రోజు ఈల్ ఓ సెర్ఫ్ దీవి, ఐదో రోజు విశ్రాంతి, ఆరో రోజు తిరుగు ప్రయాణం. పెళ్లి కుదిరిన మా బంధువుల పిల్లలు ఇలాంటి పట్టికలు నాకు పంపి, ‘పిన్నీ, ఇది బాగుందా?’ అని అడుగుతూ ఉంటారు. పైకి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. సగం తిరగడం, సగం సముద్రం. అయితే బీచ్‌కూ, చూడవలసిన ప్రదేశాలకూ మధ్య సమతూకం రోజులను పంచితే రాదన్నది నా గట్టి అభిప్రాయం. అది పెళ్లి ఏ మాసంలో జరిగిందో, ఆ మాసంలో దీవి మీద గాలి ఎటునుంచి వీస్తుందో, మీరు ఏ తీరంలో దిగారో, ఒక్కో రోజు ఏ పూట బయటికి వెళ్తారో, వీటన్నిటి మీద ఆధారపడుతుంది. ఈ సంగతులు ముందే చూసుకున్నవారికి పట్టికతో పని ఉండదు. చూసుకోనివారికి ఎంత ఖరీదైన హోటలైనా కారు కిటికీలోంచి చూసిన దీవినే మిగులుస్తుంది.

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణంగా 20 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న అగ్నిపర్వత ద్వీపం. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45. ఇంత చిన్న దీవి కాబట్టి ఎక్కడ దిగినా అన్నీ దగ్గరేనని చెబుతారు. మ్యాపు మీద అది నిజమే. కానీ దీవి మధ్యభాగం పీఠభూమి. ఘాట్ రోడ్లు, చెరకు తోటల నడుమ ఊళ్లు, ఆఫీసు వేళల్లో రాజధాని పోర్ట్ లూయీ చుట్టూ కిక్కిరిసిన రోడ్లు, ఇవన్నీ దాటాలి. ఉత్తరాన గ్రాండ్ బేలో దిగి, నైరుతి మూలన ఉన్న షమారెల్ చూడాలంటే రానూ పోనూ దాదాపు మూడు గంటలు కారులోనే గడుస్తాయి. దక్షిణ యాత్ర పేరుతో అమ్మే రోజులో ఇంకా ట్రూ ఓ సెర్ఫ్ అగ్నిపర్వత బిలం, ఓడ బొమ్మల దుకాణం, గంగా తలావ్ సరస్సు, బ్లాక్ రివర్ లోయ, షమారెల్ జలపాతం, ఏడు రంగుల నేల అన్నీ కుక్కుతారు. ఒక్కో చోట అరగంట. సాయంత్రం గదికి చేరేసరికి సూర్యుడు దిగిపోయి ఉంటాడు. శీతకాలమైతే ఆరు గంటలకల్లా చీకటి. ఆ రోజు మీకు ప్రదేశాలూ సరిగా దక్కవు, సముద్రం అసలే దక్కదు.

మన పెళ్లి తీరును కూడా ఈ ప్రణాళికలో లెక్కలోకి తీసుకోవాలి. పెళ్లికూతురిని చేయడం, స్నాతకం, గౌరీపూజ, అర్ధరాత్రో తెల్లవారుజామో ముహూర్తం, అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం, మళ్లీ అబ్బాయి వైపు రిసెప్షన్. ఈ వారం పది రోజుల్లో వధూవరులకు వరుసగా నాలుగు గంటలు నిద్రపోయిన రాత్రులు తక్కువే. అది ముగియగానే హైదరాబాదు నుంచి ముంబయి చేరి, అక్కడి నుంచి ఆరు గంటలకు పైగా విమానంలో కూర్చోవాలి. అలా దిగిన మనుషులను మర్నాడు ఎనిమిది గంటలకు వ్యాను ఎక్కించే పట్టికను ఎవరు వేసినా అది మనుషులను చూసి వేసింది కాదు. మొదటి రెండు రోజులు ఎక్కడికీ పోకూడదు. అలసట తీరేదాకా నిద్ర, తిండి, తీరాన నడక, అంతే.

ఇందులో ఇంకో కోణం ఉంది. పెద్దలు కుదిర్చిన సంబంధమైతే ఆ ఇద్దరూ పెళ్లికి ముందు ఎన్ని నెలలు ఫోన్లో మాట్లాడుకున్నా, చుట్టూ ఎవరూ లేకుండా రోజంతా కలిసి గడపడం అప్పుడే మొదలు. ఆరు రోజులూ బీచ్ ఒడ్డున పక్కపక్కనే కూర్చోవడం సినిమా పాటలో బాగుంటుంది కానీ, ఇంకా చనువు ఏర్పడని ఇద్దరికి అది బరువుగా కూడా ఉంటుంది. ఏదో ఒకటి కలిసి చూసినప్పుడు, దాని గురించి మాట్లాడుకుంటూ ఒకరికొకరు అర్థమవుతారు. ఎదుటివారికి ఏది నచ్చుతుంది, ఎక్కడ విసుగు పుడుతుంది, దారి తప్పితే కంగారు పడతారా, తెలియనివాళ్లతో ఎలా మాట్లాడతారు అన్నవి కొండదారిలో, సంతలో తెలుస్తాయి. అందుకే ‘హనీమూన్ అంటే విశ్రాంతి మాత్రమే, ఏమీ చూడనక్కర్లేదు’ అనే వారితోనూ నేను ఏకీభవించను. మొదట విశ్రాంతి, మూడో రోజు నుంచి రోజు విడిచి రోజు ఒక పూట బయటికి. ఈ వరుసలో రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఇక మాసాల సంగతి. మన దంపతులు ప్రయాణపు నెలను తాము ఎంచుకోరు, పంచాంగం ఎంచుతుంది. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో, కార్తీక మార్గశిరాల్లో ముహూర్తాలు ఉంటాయి. మారిషస్ దక్షిణార్ధగోళంలో ఉన్నందున అక్కడి రుతువులు మనకు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేసవి, మే నుంచి అక్టోబరు దాకా శీతకాలం. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కానీ ఏ తీరంలో దిగాలో తేలదు. ఇంతవరకూ నాకు కనిపించిన ఏ ప్యాకేజీలోనూ ఈ పని చేసిన దాఖలా లేదు.

మాఘంలో పెళ్లయితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్తారు. అది అక్కడ వేడి, ఉక్క, వాన కలిసిన కాలం. జనవరి నుంచి మార్చి దాకా తుపానులకు ఎక్కువ అవకాశం. 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ప్రభుత్వం ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా హెచ్చరికలు జారీ చేస్తుంది, అందరూ వాటిని శ్రద్ధగా పాటిస్తారు. ఈ నెలల్లో అసలు వెళ్లవద్దని అనను. సముద్రపు నీరు అప్పుడే అన్నిటికంటే వెచ్చగా ఉంటుంది, జలపాతాలు నిండుగా దూకుతాయి. కానీ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివచ్చే బుకింగులు, ప్రయాణ బీమా తప్పనిసరి. చూడవలసినవాటిని చివరి రోజులకు దాచుకోకుండా, ఆకాశం తెరిపిగా ఉన్న పూటనే ముగించుకోవాలి.

వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లయినవారు అదృష్టవంతులు. ఏప్రిల్ చివరినుంచి జూన్ మొదటివారాల దాకా తుపానుల భయం తీరిపోతుంది, ఎండ తగ్గుతుంది, సముద్రంలో మాత్రం వెచ్చదనం ఇంకా మిగిలి ఉంటుంది. ఇక్కడ తొందర మన వైపు నుంచే వస్తుంది. ఆషాఢం రాగానే అమ్మాయి పుట్టింటికి వెళ్లాలి కాబట్టి, పదహారు రోజుల పండుగకూ ఆషాఢానికీ మధ్య దొరికిన సందులో ప్రయాణం ఇరికిస్తారు. పెద్దవాళ్లతో ముందే మాట్లాడి ఈ సందును కనీసం ఏడు రాత్రులకు పెంచుకోగలిగితే, అక్కడ పెట్టే ఏ అదనపు ఖర్చు కంటే, ఏజెంట్ల పట్టికలోని ఐదు రాత్రులకు అదనంగా దొరికే ఆ రెండు రాత్రులు ఎక్కువ మేలు చేస్తాయి.

శ్రావణంలో పెళ్లయినవారికే తీరం ఎంపిక అన్నిటికంటే ముఖ్యం. జూలై, ఆగస్టు నెలల్లో ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు బలంగా వీస్తాయి. తూర్పు తీరాన బెల్ మార్ వంటి బీచ్‌లు ఫొటోల్లో స్వర్గంలా కనిపిస్తాయి, కానీ ఆ నెలల్లో అక్కడ ఇసుక ముఖానికి కొడుతుంది, నీళ్లు అలజడిగా ఉంటాయి. నైరుతి కొసన ల మోర్న్ మూలన కూడా గాలి జోరే. గాలిపటాలు కట్టుకుని అలల మీద జారేవారు ఆ గాలి కోసమే ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. దీవి మధ్యనున్న కొండలు అడ్డు నిలిచే పడమటి తీరంలో, అంటే ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపునో, వాయవ్యాన ట్రూ ఓ బిష్ వైపునో బస చేస్తే అదే రోజుల్లో నీరు నిలకడగా ఉంటుంది. అయినా నీళ్లు 23 డిగ్రీల దగ్గర ఉంటాయి, మన ప్రాంతపు మనుషులకు అది చల్లదనమే. పీఠభూమి మీద చలి, సన్న జల్లు ఉంటాయి, స్వెటర్ కావాలి. కాబట్టి ఆగస్టు ప్రయాణంలో సగం సగం అన్న లెక్క వదిలి, కొండలకూ అడవులకూ ఎక్కువ పూటలు ఇవ్వాలి. కార్తీక మార్గశిరాల్లో, అంటే నవంబరు, డిసెంబరు మొదటి సగంలో ఇందుకు విరుద్ధంగా సముద్రానికే పెద్దపీట వేయాలి. వానలు ఇంకా ముదరవు, గాలి తగ్గుతుంది, తూర్పు తీరమూ బాగుంటుంది. మనకు మే నెల ఎండల్లో పూసే తురాయి చెట్లు అక్కడ ఏడాది చివర ఎర్రగా విరగబూసి ఉంటాయి. క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ ధరలు పెరుగుతాయి కనుక ఆలోపే వెళ్లి రావడం మంచిది.

సముద్రం చూడ్డానికి అంతదూరం ఎందుకు, విశాఖ, సూర్యలంక లేవా అని మా ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మన బంగాళాఖాతపు ఒడ్డున చాలాచోట్ల నేల ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, అలలు నేరుగా ఒడ్డును కొడతాయి, వెనక్కి లాగే నీటి ఈడ్పు బలంగా ఉంటుంది. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. అందువల్ల సముద్రం పక్కనే పుట్టి పెరిగినవారిలో కూడా, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఈత వచ్చినవారు తక్కువ. సముద్రమంటే మోకాలి లోతు నీటిలో చెప్పులు పట్టుకుని నిలబడి ఫొటో దిగే చోటు మాత్రమే అయిపోయింది. మారిషస్ చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బల వలయం ఉంది. పెద్ద అలలు దూరంగా తెల్లని గీత దగ్గరే విరిగిపోతాయి, ఆ గీతకూ ఒడ్డుకూ మధ్య నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. నడుము లోతు నీటిలో వెల్లకిలా తేలడం, ముఖానికి అద్దం పెట్టుకుని కింద చేపలను చూడడం ఈత రానివారు కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నేర్చుకోగలరు. ఏ పడవ విహారమూ, నీటి అడుగున తలమీద గాజు హెల్మెట్ పెట్టి నడిపించే ఏ ఆటా దీనికి సాటి రావు. దక్షిణ కొసన గ్రి గ్రి వంటి చోట్ల మాత్రం ఆ పగడపు వలయం తెగిపోయి ఉంటుంది, అలలు నల్లరాతి గట్టును నేరుగా మోదుతాయి. అది చూడవలసిన చోటే, నీళ్లలో దిగవలసిన చోటు కాదు. ఎక్కడ దిగినా కాళ్లకు రబ్బరు బూట్లు ఉండాలి, సముద్రపు ముళ్లకాయలు, రాయిలా కనిపించే విషపు చేపలు ఉంటాయి.

మారిషస్‌లో బీచ్ ఏ హోటలు సొత్తూ కాదు. పోటు నీరు చేరే గీత దాకా తీరం ప్రజలది. అందువల్ల సముద్రం ఒడ్డునే ఉన్న ఖరీదైన రిసార్టులో దిగితేనే బీచ్ దక్కుతుందన్న భయం అక్కర్లేదు. పబ్లిక్ బీచ్‌ల వెంట మన కోస్తాలోలాగే సరుగుడు చెట్ల వరుసలు ఉంటాయి. ఆదివారం నాడు స్థానిక కుటుంబాలు గిన్నెలతో, చాపలతో వచ్చి ఆ నీడలో వండుకుని తింటాయి. కొన్నిచోట్ల మేకతోలు రవాన్ వాయిద్యాన్ని మంటకు కాచి బిగించి, సేగా పాటలు పాడుతూ ఆడతారు. బానిసల సంతతి కాపాడుకుంటూ వచ్చిన ఆ సంప్రదాయ సేగాకు 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హోటలు రాత్రి భోజనం వేళ రంగురంగుల గౌన్లతో వేసే సేగా ప్రదర్శన కంటే ఆదివారం తీరాన వినిపించేది నాకు ఎన్నో రెట్లు ఇష్టం.

బస గురించి నా మాట సూటిగా చెబుతాను. ఒకటి లేదా రెండు చోట్ల దిగండి, మూడో హోటలు వద్దు. పెట్టెలు సర్దడంలోనే సగం పూట పోతుంది. పడమర తీరాన దిగినవారికి ఒక సహజమైన సౌకర్యం ఉంది. సూర్యాస్తమయం సముద్రం మీదే జరుగుతుంది కనుక బీచ్‌కు మంచి వేళ సాయంత్రం, ఉదయమంతా బయటికి వెళ్లడానికి ఖాళీ. పైగా అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. మన ఒంటికి ఇంకా భారత కాలమే అలవాటు కాబట్టి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. పీఠభూమి మీద మధ్యాహ్నానికి మబ్బు కమ్మడం మామూలు, కాబట్టి ఉదయం ఏడు గంటలకు బయలుదేరి, ఒక్క ప్రాంతం చూసి, రెండు మూడు గంటలకల్లా తిరిగి నీళ్లలో ఉండవచ్చు. తూర్పు తీరాన దిగితే దీనికి విరుద్ధం. పొద్దున సముద్రం, ఎండ వాలాక దగ్గరలోని ఊళ్లు. భోజనాల విషయంలో మూడు పూటలూ, పానీయాలూ అన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ముందే డబ్బు కట్టిన భోజనం ఎదురుచూస్తూ ఉంటే మధ్యాహ్నం బయట ఉండడానికి మనసు ఒప్పదు. ఉదయం, రాత్రి భోజనాలు మాత్రమే ఉన్న ఏర్పాటు చాలు. మధ్యాహ్నం బండి మీద దొరికే ధోల్‌పురి, అంటే శనగపప్పు పొడి కూరిన పలుచని రొట్టెలో కూర చుట్టి ఇచ్చేది, శాకాహారులకు కడుపు నింపుతుంది. గాతో పిమాం అని వారు పిలిచేది మన మసాలా వడకు దగ్గర చుట్టమే.

ఇక చూడవలసినవి. షమారెల్‌లో నల్లని అగ్నిశిల కాలక్రమంలో మట్టిగా మారి, అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఎరుపు, గోధుమ, ఊదా ఛాయల మెరకలుగా ఏర్పడింది. అది ఒక గంటలో అయిపోతుంది. ఆ పక్కనే బ్లాక్ రివర్ లోయల జాతీయ వనంలో నడవడానికి మిగతా పూట కేటాయించాలి. వ్యూపాయింట్ దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరిగితే ఏమీ తెలియదు, కాలిబాటలో లోపలికి దిగితే ఈ దీవి మీద మనుషులు రాకముందు ఏముండేదో కొంత తెలుస్తుంది. 1598లో డచ్చివారు దిగిన తర్వాత వందేళ్లు తిరగకుండానే డోడో పక్షి అంతరించింది. 1974 నాటికి మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ అడవిలో నాలుగే మిగిలాయి. వాటిని ఓపికగా పెంచి, గుడ్లు పొదిగించి, మళ్లీ అడవిలోకి వదిలారు. ఇప్పుడు ఆ లోయల మీద అవి ఎగురుతున్నాయి.

ఈల్ ఓ సెర్ఫ్ దీవిని వదిలేయమని నా సలహా. ఇసుక అందమైనదే, కానీ స్పీడ్‌బోట్ల మోత, ఎగిరే పారాచూట్ల క్యూలు, బార్బెక్యూ పొగ మధ్య ఇద్దరికి ఏకాంతం దొరకదు. దాని బదులు ఆగ్నేయ తీరాన బ్లూ బేకు వెళ్లండి. అది సముద్ర సంరక్షణ ప్రాంతం, 2008లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. గాజు అడుగు పడవలోంచో, నీటి మీద తేలుతూనో పగడాలను చూడవచ్చు. అక్కడికి దగ్గరలోనే ఈల్ ఓ ఎగ్రెత్ అనే 26 హెక్టార్ల చిన్న దీవి ఉంది. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వారు అక్కడ ఒకప్పటి నల్లచేవ చెట్ల అడవిని మళ్లీ పెంచుతున్నారు. గులాబీ రంగు పావురాలు, పెద్ద తాబేళ్లు కనిపిస్తాయి, గైడు వెంట నడవాలి. పొద్దున ఆ దీవి, మధ్యాహ్నం బ్లూ బే నీళ్లు. బీచ్, దర్శనం రెండూ ఒక్క పూట తేడాలో ఇంత చక్కగా కలిసే చోటు నాకు ఇంకొకటి తెలియదు. పక్కనున్న మహేబూర్ పట్టణంలో సోమవారం సంత జరుగుతుంది, వీలైతే ఆ రోజే పెట్టుకోండి. పడమట తామరాం దగ్గర పొద్దున్నే పడవల్లో వెళ్లి డాల్ఫిన్లను తరిమే విహారాలకు మాత్రం వెళ్లవద్దు. విశ్రాంతి కోసం లోతులేని నీటికి వచ్చే ఆ జీవాల చుట్టూ పడవలు మూగుతాయి, ఆ దృశ్యంలో ఆనందించవలసింది ఏమీ లేదు.

తెలుగువారికి మాత్రం ఒక పూట పోర్ట్ లూయీలో తప్పనిసరి అంటాను. రేవు పక్కన ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దు కానుందని తెలిసి, అంతకుముందు నుంచే చెరకు తోటల్లో పనికి బ్రిటిష్‌వారు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తెచ్చారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో దిగిన 36 మందితో మొదలై, 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది ఆ దీవిలో అడుగుపెట్టారు. 1849లో కట్టిన ఆ రేవు కేంద్రంలో వారిని లెక్కపెట్టి, పేర్లు రాసుకుని, తోటలకు పంపేవారు. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అలా వెళ్లినవారిలో వేలమంది తెలుగువారు. కాకినాడ దగ్గర గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. 1839 నాటి ఉప్పెనతో చితికిపోయిన ఆ కోరంగి పేరు మన జిల్లాల్లో ఇప్పుడు మడ అడవులకే ఎక్కువగా గుర్తు. సముద్రం అవతల అది ఒక జాతి పేరుగా బతికింది.

ఆ తెలుగువారి మనుమలు, మునిమనుమలు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు. అక్కడ ఉగాది దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు నేర్పుతారు. సింహాద్రి అప్పన్న పూజలు, అమ్మోరు పండుగ, రామ భజనలు ఉన్నాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్ భాషే అయినా, గుడిలో పాడే పాటల్లో మన ఉత్తరాంధ్ర పలుకు వినిపిస్తుంది. మా వారూ నేనూ పెళ్లయిన కొత్తలో ఒక చిన్న ఊరి రామమందిరం ముందు ఆగినప్పుడు, లోపలున్న పెద్దావిడ మేము తెలుగువాళ్లమని తెలుసుకుని మా చేతులు వదలలేదు. ఆమెకు తెలుగు మాటలు కొద్దిగానే వచ్చు, మాకు క్రియోల్ అసలు రాదు. అయినా మా పెళ్లి సంగతులన్నీ ఆమెకు చెప్పాం. చెరకు తోటల మధ్య అక్కడక్కడా కనిపించే నల్లరాళ్ల గుట్టలు ఏమిటని అడిగితే, పొలం చదును చేయడానికి పాతకాలపు కూలీలు చేతులతో ఏరి పోసినవని ఆమె ఇంటివాళ్లు చెప్పారు. ఆ తర్వాత దారి పొడుగునా ఆ గుట్టలను చూడకుండా ఉండలేకపోయాం.

కొత్త దంపతులను ఇలాంటి చోట్లకు పంపి మనసు బరువెక్కించడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ల మోర్న్ బీచ్‌ను తీసుకోండి. హనీమూన్ ఫొటోల్లో కనిపించే ఆ తెల్లటి ఇసుక వెనక 556 మీటర్ల ఎత్తున నిలబడిన కొండ, తోటల నుంచి పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి వచ్చిన సిపాయిలను తమను పట్టుకోవడానికి వచ్చారని భ్రమపడి, వారు ఆ శిఖరం మీంచి దూకేశారని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కొండ కూడా 2008 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమే. ఆ కథ తెలిసినవారు అదే నీటిలో ఈదడం మానుకోరు, మానుకోనక్కర్లేదు కూడా. కానీ ఆ ఒడ్డున కూర్చున్నప్పుడు వారిద్దరికీ మాట్లాడుకోవడానికి తమ ఇద్దరి కంటే పెద్ద సంగతి ఒకటి ఉంటుంది. కలిసి బతకబోయే ఇద్దరికి అలాంటి సంభాషణ తొలివారంలోనే జరగడం మంచిదని నేను నమ్ముతాను. దుఃఖాన్ని తాకని ప్రయాణమే కావాలనుకుంటే మరో దారి కూడా ఉంది. ఉత్తరాన పాంప్లెమూస్ తోటలో పళ్లేల వంటి ఆకులున్న పెద్ద కలువలు, జీవితంలో ఒక్కసారే పూసి ఎండిపోయే తాళపత్రపు చెట్లు ఉన్నాయి. పీఠభూమి మీద గంగా తలావ్ ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది, మహాశివరాత్రికి లక్షలాది మంది కాలినడకన వస్తారు. అమ్మానాన్నలకు వీడియో కాల్‌లో దర్శనం చేయించడానికి మన పిల్లలు ఎలాగూ అక్కడ ఆగుతారు. ఈ రెండూ మంచి చోట్లే, అయితే ఒక్కోదానికి ఒక పూట చాలు.

‘ఇంత డబ్బు పోసి వెళ్లి అన్నీ చూడకుండా వస్తారా?’ అన్నది ఇంట్లో వినిపించే చివరి అభ్యంతరం. మన మధ్యతరగతి ఇళ్లలో పుట్టిన ఎవరికైనా ఆ మాటలోని బాధ అర్థమవుతుంది. ఒక్క తరం కిందట ఇలాంటి ప్రయాణం ఊహకే అందేది కాదు, మళ్లీ వెళ్లే అవకాశం వస్తుందో రాదో తెలియదు. కానీ డబ్బు ఖర్చయ్యేది విమానానికీ, గదికీ. ఆ గది ముందున్న నీళ్లలో దిగకుండా రోజంతా వ్యానులో తిరిగితే నష్టపోయేది అసలు ఖర్చే. గుంపు వ్యానుకు బదులు రెండు మూడు పూటలకు సొంతంగా టాక్సీ మాట్లాడుకోండి. కారు అద్దెకు తీసుకున్నా ఇబ్బంది లేదు, అక్కడ మనలాగే రోడ్డుకు ఎడమవైపునే నడుపుతారు. టాక్సీ అయితే బయలుదేరే ముందే ధర తేల్చుకోవాలి, దారిలో దుకాణాల దగ్గర ఆపవద్దని కూడా అప్పుడే చెప్పాలి.

ఏడు రాత్రులు దొరికినవారు నాలుగు పడమట, మూడు ఆగ్నేయాన గడపవచ్చు. పడమట ఉన్నప్పుడు ఒక ఉదయం షమారెల్, లోయలు, మరో ఉదయం పోర్ట్ లూయీ. ఆగ్నేయంలో ఈల్ ఓ ఎగ్రెత్, బ్లూ బే. విమానాశ్రయం బ్లూ బేకు చాలా దగ్గర కాబట్టి చివరి రోజు కూడా పొద్దున నీళ్లలో గడిపి నింపాదిగా బయలుదేరవచ్చు. శ్రావణ ప్రయాణమైతే ఏడు రాత్రులూ పడమటే ఉండి, ఆగ్నేయానికి ఒక రోజు వెళ్లి వస్తే సరిపోతుంది. నాలుగే రాత్రులు ఉంటే రెండో హోటలు ఆలోచన మానేసి, పడమట దిగి, ఒకే ఒక్క ఉదయం బయటికి వెళ్లండి. ఆ ఒక్క ఉదయం ఎక్కడికని మా పిల్లలు అడిగితే నేను ఆప్రవాసీ ఘాట్ పేరే చెబుతాను. అడవులంటే ప్రాణమైన జంట అయితే లోయల వైపు వెళ్లమంటాను.